నవ్వులో పెదవి పని

(హన్మకొండలో పెండ్లి ఫోటోగ్రాఫర్లు, వీడియో ఎడిటర్లు, బ్యూటీషియన్లు కలిసి పెట్టుకున్న సమావేశంలో స్థానిక దంతవైద్యురాలు ఒకరు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసేయలేదు.)

అందరికీ నమస్కారం. ఫోటోగ్రాఫర్ల మీటింగుకు పళ్ళ డాక్టరును ఎందుకు పిలిచారని మీలో కొందరికి అనుమానం వచ్చే ఉంటుంది. పిలిచినప్పుడు నాకూ వచ్చింది. తర్వాత ఆలోచిస్తే, నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మందిని పంపేది మీరే కదా అనిపించింది. నిజంగానే! పెండ్లి అయిపోతుంది, ఆల్బమ్ వస్తుంది, నెల తిరగకముందే ఫోన్ పట్టుకుని వస్తారు. "మేడం, ఈ ఫోటోల చూడున్రి, నా నవ్వు ఇట్లున్నదేంది?" అంటారు. రోజూ అద్దంలో చూసుకునే ముఖమే. కానీ అద్దం ముందు మనకు నచ్చినట్టు నవ్వుకుంటాం, నచ్చినంతే నవ్వుకుంటాం. మీ కెమెరా మనం చూసుకోనప్పుడు నవ్విన నవ్వును పట్టుకుంటుంది. అక్కడ మొదలవుతుంది టెన్షన్.

వచ్చినవాళ్ళు ఏమంటారు? "నా పళ్ళు బాగలేవు" అంటారు. నేను కూర్చోబెట్టి మాట్లాడించి, నవ్వించి చూస్తే చాలాసార్లు పళ్ళు బాగానే ఉంటాయి. తేడా అంతా పెదవి దగ్గర ఉంటుంది. పెదవి ఎంత పైకి లేస్తుంది, ఎక్కడ ముందు లేస్తుంది, ఎంత మందంగా ఉంది, మూలలు పైకి పోతున్నాయా కిందికి పోతున్నాయా. ఈ రోజు నేను చెప్పాలనుకున్నది ఇదే. నవ్వు సంగతి వచ్చినప్పుడు పళ్ళ కంటే ముందు పెదవిని చూడండి. మీరు ఫోటో తీసేటప్పుడూ చూడండి, మీ కస్టమర్ "పళ్ళు మార్పించుకుంటా" అన్నప్పుడూ చూడమని చెప్పండి.

ముందు మీకు సంబంధించిన ముచ్చట ఒకటి. నవ్వు మీద మొదటి గట్టి పరిశోధనల్లో ఒకటి కెమెరాతోనే జరిగింది, తెలుసా? ఫ్రాన్స్‌లో డుషేన్ అనే డాక్టరు ఉండేవాడు. ముఖం మీద ఒక్కో కండరానికి సన్నగా కరెంటు తగిలించి, అది ముడుచుకున్నప్పుడు ముఖం ఎట్లా మారుతుందో ఫోటోలు తీయించాడు. ఆ పుస్తకం 1862లో వచ్చింది. పదేళ్ళ తర్వాత డార్విన్ కూడా తన పుస్తకంలో ఆ ఫోటోలు వాడుకున్నాడు. డుషేన్ ఏం గమనించాడంటే, పెదవి మూలను పైకి లాగే కండరం మనం చెప్పినట్టు వింటుంది. "నవ్వండి" అంటే అది లేస్తుంది. కంటి చుట్టూ ఉండే కండరం మాత్రం అంత తేలికగా మాట వినదు, లోపల సంతోషం ఉంటేనే బాగా కదులుతుంది. మీరు "స్మైల్ ప్లీజ్" అనగానే వచ్చేది మొదటి రకం. పక్కనుంచి దోస్తు ఏదో అన్నప్పుడు పెండ్లికొడుకు పగలబడి నవ్వుతాడు చూడండి, అది రెండో రకం. మీ క్యాండిడ్ ఫోటోలకు డిమాండ్ ఎందుకు పెరిగిందో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

మరి మేం ఏ నవ్వును చూసి వైద్యం చేయాలి? చాలాకాలం మేం మొదటి రకం నవ్వునే ఫోటో తీసుకున్నాం. ఎందుకంటే ఇవాళ నవ్వమన్నా, వారం తర్వాత నవ్వమన్నా అది దాదాపు ఒకే తీరుగా వస్తుంది. పోల్చుకోవడానికి వీలు. కానీ మనిషి పగలబడి నవ్వినప్పుడు పెదవి ఇంకా పైకి పోతుంది. క్లినిక్‌లో తీసిన ఫోటోలో కనబడని చిగుళ్ళు బరాత్ వీడియోలో కనబడతాయి. అందుకే ఇప్పుడు మేం కూడా వీడియో తీస్తున్నాం. మాట్లాడించి, నవ్వించి, మధ్యలో ఏ ఫ్రేమ్ ఏం చెబుతుందో చూస్తాం. చూశారా, మీ పనిలోకి మేం వచ్చేశాం.

సరే, పెదవి దగ్గరికి వద్దాం. పెదవి ఒక తెర లాంటిది. తెర ఎంత లేస్తే వెనక ఉన్నది అంత కనబడుతుంది. నవ్వనప్పుడు కూడా ఆ తెర పూర్తిగా దిగి ఉండదు, అది ముందు చూడాలి. ఇప్పుడే చేసి చూడండి. పక్కవాళ్ళ వైపు తిరగండి. "అమ్మ" అని, పెదవులు మళ్ళీ మూయకుండా అట్లాగే వదిలేయండి. బిగపట్టొద్దు. ఇప్పుడు పై పెదవి కింద ముందు పళ్ళు ఎంత కనబడుతున్నాయి? ఆ చెల్లెకు బాగా కనబడుతున్నాయి. అన్నకు అసలు కనబడటం లేదు. ఆ వెనక పెద్దాయనకు కింది పళ్ళు కనబడుతున్నాయి. అవునా? ఏం నవ్వకండి, అది రోగం కాదు, వయసు.

దీన్ని విగ్, బ్రుండో అనే ఇద్దరు పరిశోధకులు 1978లో కొలిచి చెప్పారు. పెదవులు వదులుగా ఉన్నప్పుడు ఆడవాళ్ళలో పై ముందు పళ్ళు సగటున 3.4 మిల్లీమీటర్లు కనబడ్డాయి, మగవాళ్ళలో 1.9. వయసు ప్రకారం చూస్తే ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 30 ఏళ్ళలోపు వాళ్ళకు 3 మిల్లీమీటర్ల పైచిలుకు. నలభైల్లో ఉన్నవాళ్ళకు ఒక మిల్లీమీటరు కూడా లేదు. 60 దాటినవాళ్ళకు పై పళ్ళు దాదాపు సున్నా. అదే సమయంలో కింది పళ్ళు కనబడటం పెరుగుతూ పోయి 3 మిల్లీమీటర్ల దగ్గరికి వచ్చింది. కొలిచింది విదేశాల్లో, అంకెలు మనకు అచ్చంగా ఇట్లాగే ఉంటాయని నేను అనను. కానీ దారి మాత్రం ఇదే. వయసు పెరిగినకొద్దీ పై పెదవి సాగి కిందికి దిగుతుంది, పలచబడుతుంది.

దీంతో మీకేం పని? ఉంది. షష్టిపూర్తి ఫోటోల్లో పెద్దాయన ఎంత నవ్వినా పై పళ్ళు కనబడవు. మీరు కింద కూర్చుని పైకి తీస్తే కొంచెం కనబడతాయి. పైనుంచి తీస్తే కింది పళ్ళే కనబడతాయి. నాకేం పని అంటారా? డెబ్బై ఏళ్ళ తాతకు కట్టుడు పళ్ళు పెట్టేటప్పుడు ఇరవై ఏళ్ళ కుర్రాడి కొలతలు పెడితే, ఆ పళ్ళు ఎవరివో అరువు తెచ్చుకున్నట్టు ఉంటాయి. అట్లా పెట్టించుకుని వచ్చి "అందరూ నన్ను చూసి నవ్వుతున్నరు బిడ్డా" అన్న తాతలు ఉన్నారు.

ఇక నవ్వినప్పుడు సంగతి. పై పెదవి మామూలుగా 6 నుంచి 8 మిల్లీమీటర్ల దాకా లేస్తుంది. లేచి ఎక్కడ ఆగుతుందన్న దాన్నిబట్టి మేం మూడు రకాలు చేస్తాం. పళ్ళు మొత్తం కనబడి, పైన చిగురు ఒక పట్టీ లాగా కనబడితే అది ఎత్తు నవ్వు. పళ్ళు మూడొంతుల నుంచి మొత్తం దాకా కనబడి, చిగురు పన్నుకూ పన్నుకూ మధ్య మొనల్లో మాత్రమే కనబడితే మధ్యస్థం. మూడొంతుల కంటే తక్కువ కనబడితే తక్కువ నవ్వు. తక్కువ నవ్వు అంటే తక్కువ మనిషి అని కాదు, అది కొలత మాత్రమే! 1984లో పూర్తిగా నవ్వుతున్న 454 మంది యువతీయువకుల ఫోటోలు తీసుకుని లెక్కపెట్టారు. దాదాపు 69 శాతం మధ్యస్థం, 20 శాతానికి కాస్త పైన తక్కువ, 10 శాతానికి కాస్త పైన ఎత్తు. ఎత్తు నవ్వు ఆడవాళ్ళలో ఎక్కువ, తక్కువ నవ్వు మగవాళ్ళలో ఎక్కువ.

ఈ ఒక్క వర్గీకరణతో ఎంత డబ్బు మిగులుతుందో చెప్తా. రూట్ కెనాల్ చేయించుకుని క్యాప్ వేయించుకున్నవాళ్ళు ఇక్కడ చేతులెత్తండి. చూశారా, సగం హాలు. ఆ క్యాపుల్లో లోపల లోహం, పైన పింగాణీ ఉండే రకం ఒకటి ఉంది. గట్టిది, ధర తక్కువ, ఏళ్ళ తరబడి నిలుస్తుంది. కానీ కొన్నాళ్ళకు చిగురు కొంచెం పైకి జరిగితే అంచు దగ్గర నల్లటి గీత కనబడుతుంది. తక్కువ నవ్వు ఉన్న మనిషికి ముందు పన్ను మీద ఆ క్యాప్ వేసినా ఆ గీతను ఎవరూ చూడరు, పెదవి దాచేస్తుంది. ఎత్తు నవ్వు ఉన్నవాళ్ళకు అదే క్యాప్ వేస్తే ప్రతి ఫోటోలో కనబడుతుంది. వాళ్ళకు లోహం లేని రకం వేయాలి, ఖర్చు పెట్టాల్సింది వాళ్ళకు. ఒకే పన్ను, ఒకే జబ్బు, పెదవి వేరు కాబట్టి వైద్యం వేరు. అందరికీ ఖరీదైనది అంటగట్టడం తప్పు, అందరికీ చవకది వేయడమూ తప్పు. ముందు నవ్వించి చూడని డాక్టరు దగ్గర కొంచెం జాగ్రత్తగా ఉండండి. మా వాళ్ళకు కోపం వచ్చినా సరే.

ఇప్పటిదాకా ఎంత లేస్తుందో చెప్పుకున్నాం. ఏ దిక్కు నుంచి లేస్తుంది అన్నది ఇంకో సంగతి. రూబిన్ అనే ప్లాస్టిక్ సర్జన్ 1974లో దీని మీద రాశాడు. ఆయన రాసింది అందం గురించి కాదు. ముఖానికి పక్షవాతం వచ్చి మూతి వంకర పోయినవాళ్ళకు మళ్ళీ నవ్వు తెప్పించడం ఎట్లా అన్నది ఆయన సమస్య. మంచిగున్న వైపు ఏ రకంగా నవ్వుతున్నదో తెలియకుండా చచ్చుబడిన వైపును ఎట్లా కదిలిస్తారు? అందుకని జనం ఎట్లా నవ్వుతున్నారో గమనించి మూడు పద్ధతులు చెప్పాడు.

మొదటిది, పెదవి మూలలు ముందు పైకి, పక్కకు లేస్తాయి, తర్వాత మధ్యభాగం కొంచెం లేస్తుంది. దీనికి మోనాలిసా నవ్వు అని పేరు. ఆయన లెక్కలో 67 శాతం మంది ఇదే. రెండోది, కోరపళ్ళ దగ్గర పెదవి ముందు లేస్తుంది, ఆ తర్వాత మూలలు కదులుతాయి. 31 శాతం. వీళ్ళకు కోరపన్ను మీద చిగురు బాగా కనబడుతుంది. మూడోది అరుదు, 2 శాతం. పై పెదవి పైకి, కింది పెదవి కిందికి ఒకేసారి పోతాయి, పై పళ్ళు కింది పళ్ళు రెండూ కనబడతాయి. రేపు మీ దగ్గర ఉన్న ఆల్బమ్‌లు తెరిచి చూడండి, ఎవరెవరు ఏ రకమో పది నిమిషాల్లో చెప్పేస్తారు. ఒక్కసారి చూడటం అలవాటైతే ఇక వదలదు, ఆర్టీసీ బస్సులో కండక్టరు నవ్వినా లెక్క వేస్తుంటాం. మా ఇంట్లో నన్ను తిట్టేది దీనికే.

ఏది మంచిది అంటారా? ఏదీ కాదు. మోనాలిసా రకం ఎక్కువమందికి ఉంది కాబట్టి అదే సరైనదని అనుకోవద్దు. కోరపళ్ళ రకం నవ్వున్న అమ్మాయిని పట్టుకుని "మూలలు పైకి లాగి నవ్వమ్మా" అంటే ఆ నవ్వు రాదు. ఆ కండరాలు ఆమె చిన్నప్పటి నుంచి ఆ వరసలోనే కదులుతున్నాయి. మీరు ఎంత చెప్పినా ముఖం బిగుసుకుంటుందే తప్ప నవ్వు మారదు. ఆమెకు కొంచెం పక్కకు తిప్పి తీయండి, పెదవి పూర్తిగా లేవకముందు తీయండి.

ఈ సందర్భంలో మన పాత లెక్క కూడా చెప్పుకోవాలి. నాట్యశాస్త్రంలో నవ్వు ఆరు రకాలు. స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం. స్మితంలో చెంపలు కొంచెం విప్పారుతాయి, పళ్ళు కనబడవు. హసితంలో కొద్దిగా కనబడతాయి. అట్లా పెరుగుతూ పోయి చివరికి కళ్ళలో నీళ్ళు తిరిగే దాకా వస్తుంది. మొదటి రెండూ ఉత్తములవట, మధ్య రెండూ మధ్యములవి, చివరి రెండూ అధములవి. డీజే ముందు తీసిన వీడియోలు చూస్తే మనమంతా ఏ వరసలో ఉన్నామో మీకే తెలుసు! ఆ కులీనపు లెక్కను నేనేం సమర్థించడం లేదు. నాకు నచ్చింది వేరే. పన్ను కనబడటం, కనబడకపోవడం నవ్వుకు కొలమానంగా ఎంత పాతకాలం నుంచి ఉందో చూడండి. ప్రీ వెడ్డింగ్ షూట్‌కు రామప్పకు పోతారు కదా. 1213 నాటి గుడి. నల్లరాతి మదనికల, అంటే అక్కడి ఆడ శిల్పాల ముఖాలను ఒకసారి మీ జూమ్ లెన్సుతో చూడండి. పెదవులు మూసుకునే ఉంటాయి, అయినా ఆ ముఖాల్లో నవ్వు లేదని ఎవరైనా అంటారా? వాటి కిందే నిలబెట్టి పెండ్లికూతురిని "పళ్ళు చూపించమ్మా, పళ్ళు చూపించమ్మా" అంటాం. ఆమె మూసిన పెదవులతోనే బాగా నవ్వుతుందేమో. కొందరి నవ్వు అదే.

పెదవి ఆకారం కూడా చూద్దాం. మందం పెదవులు, పలచటి పెదవులు. పలచటి పెదవి వెనక పళ్ళు ఎట్లా ఉంటే పెదవి అట్లా ఉంటుంది, పన్ను కొంచెం జరిగినా పైకి తెలిసిపోతుంది. మందం పెదవి చాలా దాచుకుంటుంది. క్లిప్పులు పెట్టించి ఎత్తుపళ్ళు వెనక్కి లాగినప్పుడు పలచటి పెదవి ఉన్నవాళ్ళ ముఖం ఎక్కువ మారుతుంది, మందం పెదవి ఉన్నవాళ్ళకు అంత మారదు. ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఒకే డాక్టరు దగ్గర ఒకే వైద్యం చేయించుకుని "అక్కకు మంచిగైంది, నాకు కాలేదు" అని కొట్లాడుకుంటారు. పెదవి మందం ఎవరూ ముందు చెప్పలేదు, అదీ గొడవ.

ఇక్కడ నాకొక కోపం ఉంది, చెప్పేస్తా. ముక్కు కొన నుంచి గడ్డం దాకా ఒక గీత గీసి, పెదవులు ఆ గీతకు ఎంత వెనక ఉన్నాయో కొలిచే పద్ధతి ఉంది. రికెట్స్ అనే అమెరికా డాక్టరు పెట్టింది. ఆ గీతకు కింది పెదవి సుమారు 2 మిల్లీమీటర్లు వెనక ఉంటే చక్కగా ఉన్నట్టు. ఎవరికి? ఆయన చూసిన తెల్లవాళ్ళ ముఖాలకు. మన దక్షిణాది వాళ్ళలో చాలామందికి ముందు పళ్ళు, పెదవులు సహజంగానే కొంచెం ముందుకు ఉంటాయి. ఆ గీతకు తగిలో, దాటో ఉంటాయి. ఆ ముఖానికి అది నప్పుతుంది కూడా. ఆ గీత పట్టుకుని మన పిల్లలకు నాలుగు మంచి పళ్ళు పీకి మూతిని లోపలికి నెట్టడం నాకు నచ్చదు. పెదవులు మూయడానికే కష్టపడుతున్నారా, గడ్డం దగ్గర చర్మం బిగుసుకుని గుంటలు పడుతున్నాయా? అప్పుడు చేయండి. గీత చెప్పిందని చేయకండి.

అట్లాగే బంగారు నిష్పత్తి. ఎదురుగా చూస్తే ముందు పన్ను వెడల్పు ఒకటైతే పక్క పన్ను 0.618 ఉండాలి అని లెవిన్ అనే ఆయన 1978లో ఒక పద్ధతి పెట్టాడు. ఇప్పుడు యాప్‌లు కూడా ముఖం మీద ఆ గీతలు గీస్తున్నాయి. 1993లో ప్రెస్టన్ నిజం నోళ్ళలో కొలిచి చూస్తే, ముందు పన్నుకూ పక్క పన్నుకూ మధ్య ఆ నిష్పత్తి 17 శాతం మందికే కలిసింది. అంటే మిగతా వాళ్ళందరివీ చెడ్డ నవ్వులా? లెక్క కాగితం మీద బాగుంటుంది. నోట్లో వేరే లెక్క ఉంటుంది.

కింది పెదవిని మరిచిపోయాం. నవ్వినప్పుడు పై పళ్ళ కొసలు కలిపితే ఒక వంపు వస్తుంది. ఆ వంపు కింది పెదవి వంపుతో జతగా నడిస్తే కంటికి హాయిగా ఉంటుంది. నిద్రలో పళ్ళు నూరే అలవాటు ఉన్నవాళ్ళకు కొసలు అరిగి వంపు పోయి గీత గీసినట్టు అవుతుంది, అప్పుడు మనిషి వయసు ఎక్కువ కనబడుతుంది. క్లిప్పులు జాగ్రత్తగా పెట్టకపోయినా ఇదే అవుతుంది. ఇంకా నవ్వినప్పుడు పళ్ళకూ పెదవి మూలకూ మధ్య నల్లటి ఖాళీ ఉంటుంది. 1958లోనే దాని గురించి రాసినవాళ్ళు, కట్టుడు పళ్ళలో ఆ ఖాళీ వదలకపోతే నవ్వు కృత్రిమంగా కనబడుతుందన్నారు. మీరు ఎడిటింగ్‌లో ఆ నల్లటి భాగాన్ని తెల్లగా పూసేస్తారు చూడండి, అది చేయకండి. నోటినిండా పళ్ళు కుక్కినట్టు ఉంటుంది.

ఇక అందరూ అడిగేది, చిగుళ్ళు కనబడే నవ్వు. మొదట ఎంత కనబడితే ఎక్కువ అన్నది తేల్చుకోవాలి. కోకిచ్ అనే డాక్టరు 1999లో ఫోటోలను కొంచెం కొంచెం మార్చి మూడు రకాల వాళ్ళకు చూపించాడు. పళ్ళ వరస సరిచేసే డాక్టర్లు 2 మిల్లీమీటర్ల చిగురు కనబడగానే బాగాలేదన్నారు. మామూలు జనం 4 మిల్లీమీటర్లు వచ్చేదాకా పట్టించుకోలేదు. అంటే మా కళ్ళే ఎక్కువ వంకలు పెడుతున్నాయి. అద్దం ముందు మిల్లీమీటర్లు కొలుచుకుంటున్న చెల్లెళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.

నిజంగా ఎక్కువ కనబడుతుంటే కారణం తెలుసుకోవాలి. కారణం ఒకటి కాదు. కొందరికి పై దవడ ఎముకే పొడుగు. కొందరికి పై పెదవి పొట్టి. కొందరికి పెదవి పొడవు సరిగ్గానే ఉంటుంది, కానీ 8 మిల్లీమీటర్లు లేవాల్సింది ఇంకా ఎక్కువ లేస్తుంది. కొందరికి పన్ను మామూలు పొడవే, కొంత చిగురు కిందే దాగి ఉండి పొట్టిగా, చదరంగా కనబడుతుంది. పై ముందు పన్ను సుమారు 10, 11 మిల్లీమీటర్ల పొడవు ఉండాలి. 7, 8 కనబడుతుంటే, అరగకపోతే, మిగతాది చిగురు కింద ఉందన్నమాట. వాళ్ళకు చిగురును, అవసరమైతే కొంచెం ఎముకను సరిచేస్తే సరిపోతుంది. ఫిట్స్ మందులు, కొన్ని బీపీ మందులు వాడేవాళ్ళకు చిగుళ్ళు ఉబ్బి పెరుగుతాయి. వాళ్ళు సొంతంగా మందు ఆపకూడదు, రాసిన డాక్టరుతో మాట్లాడాలి.

పెదవి ఎక్కువ లేచేవాళ్ళకు బొటాక్స్ ఇంజెక్షన్ ఉంది. పెదవిని పైకి లాగే మూడు కండరాలు ముక్కు పక్కన ఒక దగ్గర కలుస్తాయి. కొరియాలోని యోన్సెయ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2009లో ఆ చోటును గుర్తించి చెప్పారు. అక్కడ కొంచెం మందు వేస్తే కండరం మెత్తబడుతుంది. ఫలితం కొన్ని నెలలే, మూడు నుంచి ఆరు అనుకోండి. మళ్ళీ మొదటికే వస్తుంది. పెండ్లి ముందు వారం వచ్చి వేయమంటారు. నేను వేయను. పూర్తిగా పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది, ఒక వైపు ఎక్కువ తక్కువ అయితే సరిచేసే టైం ఉండాలి. లేకపోతే తలంబ్రాల ఫోటోలో నవ్వు ఒక పక్కకు పోతుంది, ఆ ఫోటో మీరే తీయాలి. దవడ ఎముక పొడుగున్న వాళ్ళకు మాత్రం బొటాక్స్‌తో ఒరిగేది తక్కువ, దానికి దవడ ఆపరేషనే దారి. పెద్ద ఆపరేషన్ అది. అంత అవసరమా అని రెండుసార్లు ఆలోచించి, రెండో డాక్టరును కూడా అడిగి చేయించుకోవాలి.

చిగురు రంగు గురించి ఒక్క ముక్క. మన చిగుళ్ళు గోధుమ రంగులో, నల్లగా ఉండటం సహజం. మన చర్మానికి రంగునిచ్చే పదార్థమే అక్కడా ఉంటుంది. జబ్బు కాదు. లేజర్‌తో తీసేయొచ్చు, మళ్ళీ రావచ్చు కూడా. ఎడిటింగ్‌లో గులాబీ రంగు పూసి పంపితే, కస్టమర్ దాన్ని నాకు చూపించి ఇట్లా కావాలంటుంది. పంటి రంగుదీ అంతే. మేం రంగు పోల్చుకునే పట్టికలో 16 ఛాయలు ఉంటాయి. మీరు పూసే తెలుపు ఆ 16లో ఉండదు! పంటి తెలుపు కంటి తెల్లగుడ్డును దాటకుండా చూసుకోండి, చాలు. ఇక నీళ్ళలో ఫ్లోరైడ్ వల్ల వచ్చిన మచ్చలు. నల్గొండ పేరే వినిపిస్తుంది కానీ మన దిక్కు కూడా కొన్ని ఊళ్ళలో ఆ పళ్ళు కనబడతాయి. వాటిని అరగదీసి క్యాపులు వేయాలని తొందరపడొద్దు. పైపైన మచ్చ తీయడం, బ్లీచింగ్, రెజిన్ అనే జిగురు పదార్థం పట్టించడం, ఇట్లా తక్కువ కోతతో మొదలుపెట్టాలి.

వెనీర్లు అనే పలచటి పింగాణీ తొడుగుల గురించి చెప్పి ముగిస్తా. అవి మొదట 1930లలో హాలీవుడ్ నటుల కోసం పింకస్ అనే డాక్టరు చేసినవి. షూటింగ్ టైంలో అతికించుకుని తర్వాత తీసేసేవాళ్ళు. పంటి ఎనామిల్‌ను ఆసిడ్‌తో గరుకు చేస్తే అతుకు నిలుస్తుందని 1955లో బ్యూనోకోర్ చూపించాక, ఎనభైలలో పింగాణీని కూడా అట్లా అతికించడం నేర్చుకున్నాక, అవి నిలబడేవి అయ్యాయి. మంచి వైద్యమే. కానీ చాలాసార్లు పన్నును కొంత అరగదీయాలి, అరిగిన ఎనామిల్ మళ్ళీ పెరగదు. కాబట్టి చేయించుకునేవాళ్ళకు చెప్పండి, మొదట పన్నును ముట్టుకోకుండా పైన తాత్కాలికంగా మాదిరి పెట్టి చూపించమని అడగాలి. దాన్ని పెట్టుకుని "ఫోటో", "ఫోన్" అని పలకాలి. ఫ అన్నప్పుడు పై పంటి కొస కింది పెదవి లోపలి అంచును తేలిగ్గా తాకాలి. పెదవిని కొరుకుతున్నట్టు ఉంటే పన్ను పొడుగైనట్టు. మాట్లాడుతూ, నవ్వుతూ ఒక వీడియో తీసుకుని ఇంటికెళ్ళి చూసుకోవాలి. ఆ వీడియో మీ దగ్గర తీయించుకోమని నేను పంపిస్తా, డిస్కౌంట్ ఇవ్వండి.

ప్రశ్నలు

పెండ్లికి నాలుగు నెలలే ఉంది, క్లిప్పులు పెట్టించుకోవచ్చా అని ఒక అక్క అడుగుతున్నారు. చాలా కేసులకు ఏడాది, ఏడాదిన్నర పడుతుంది. నాలుగు నెలల్లో అయిపోతుందని ఎవరైనా చెబితే, పంటిని కదపకుండా అరగదీసి వరస చేసేస్తారేమో అడిగి తెలుసుకోండి. క్లీనింగ్, కొంచెం బ్లీచింగ్ చేయించుకుని పెండ్లి చేసుకోండి. తర్వాత నిదానంగా క్లిప్పులు పెట్టించుకోవచ్చు. బ్లీచింగ్‌తో క్యాపుల రంగు మారదు, అది గుర్తుంచుకోండి.

గ్రహణం మొర్రి ఆపరేషన్ అయిన పెండ్లికూతురు, పెదవి మీద మచ్చ ఉంది, ఎడిటింగ్‌లో తీసేయాలా? తమ్ముడు మంచి ప్రశ్న అడిగాడు. ఆమెను అడుగు. చిన్నప్పుడు కొన్ని నెలల వయసులోనే ఆపరేషన్ అయి ఉంటుంది, ఆ మచ్చతోనే ఆమె పెరిగింది. కొందరు తీసేయమంటారు, కొందరు వద్దంటారు. అడగకుండా తీసేస్తే పెదవి మీది వంపు కూడా మారి వేరే మనిషి అయిపోతుంది. నేను చూశాను అట్లాంటి ఫోటోలు.

పెదవులు మందం కావడానికి ఫిల్లర్లు, అంటే సూదితో ఎక్కించే జెల్, వేయించుకుంటే నవ్వు మారుతుందా? మారుతుంది. పై పెదవి మందమైతే పళ్ళు తక్కువ కనబడొచ్చు. ఎక్కువ వేస్తే పెదవి కదలిక బిగుసుకుంటుంది. అప్పటికే తక్కువ నవ్వు ఉన్నవాళ్ళు ఇంకా వేయించుకుంటే ఫోటోలో నోరు మూసుకున్నట్టే ఉంటుంది.

చివరిది. మా బాబుకు తొమ్మిదేళ్ళు, ముందు పళ్ళ మధ్య సందు ఉంది, ఎప్పుడూ పెదవులు తెరుచుకునే ఉంటాయి అంటున్నారు. ఇవి రెండు వేర్వేరు సంగతులు. ఆ వయసులో సందు ఉండటం మామూలే, 11, 12 ఏళ్ళకు పై కోరపళ్ళు దిగాక చాలామందికి దానంతట అదే మూసుకుంటుంది. దానికి ఇప్పుడేం చేయకండి. పెదవులు తెరుచుకుని ఉండటం మాత్రం చూడాలి. వేలు చీకే అలవాటు ఉందా? లేదంటున్నారు. రాత్రి పడుకున్నాక నోటితో గాలి పీలుస్తున్నాడా, గురక పెడుతున్నాడా గమనించండి. అట్లా ఉంటే ముక్కు వెనక ఉండే అడినాయిడ్ గ్రంథులు పెరిగి అడ్డం పడుతుండొచ్చు, ముందు చెవి ముక్కు గొంతు డాక్టరుకు చూపించండి. అది సరయ్యాక నా దగ్గరికి తీసుకురండి, పై దవడ ఎట్లా పెరుగుతున్నదో చూద్దాం.